తెగిన నరం రోజుకు ఒక మిల్లీమీటరు: చెయ్యి తిరిగి రావడం వెనుక ప్రొటీన్ల కథ

‘నరం తెగింది సార్’ అని మనవాళ్లు ఆస్పత్రిలో చెప్పే మాటకు మూడు అర్థాలు ఉంటాయి. రక్తం చిమ్మితే నరం తెగిందంటాం. వేలు ముడుచుకోకపోతే నరం తెగిందంటాం. వేలికి స్పర్శ పోయినా నరం తెగిందనే అంటాం. మొదటిది రక్తనాళం. రెండోది కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తెల్లటి తాడు, వైద్యులు టెండన్ అంటారు. మూడోదే అసలు నరం, అంటే నాడి. తమిళంలో ‘నరంబు’ అన్నా ఇదే చిక్కు. చెన్నైలో రెండు భాషల మధ్య బతికే మనకు రెండింటిలోనూ ఒకే మాట మూడు పనులు చేస్తోంది.

ఇది భాషాపండితుల గొడవ కాదు. రక్తం ఆగేలా కట్టు కట్టి, చర్మానికి నాలుగు కుట్లు వేయించుకుని ఇంటికి వచ్చేస్తే మొదటి ‘నరం’ సంగతి తీరిపోతుంది. మూడో నరం తెగిన సంగతి అప్పటికి ఎవరికీ తెలియకపోవచ్చు. గాయం మానుతుంది, కుట్లు విప్పుతారు. రెండు నెలల తర్వాత కూడా బొటనవేలు మొద్దుబారే ఉంటుంది, అరచేతిలో కండ కరిగిపోతూ ఉంటుంది. చాకలిపేటలో మాంజా దారం తగిలిన కుర్రాడికైనా, అంబత్తూరులో ప్రెస్ మిషన్ మీద పనిచేసే కార్మికుడికైనా, వంటింట్లో గాజు గ్లాసు కడుగుతుంటే పగిలి మణికట్టు కోసుకున్న ఇల్లాలికైనా ఇలాగే జరగవచ్చు. పనిచేసే చెయ్యే పోతే ఇల్లు గడవని కుటుంబాలు మనలో ఎన్నో.

అయితే చేతిలో, కాలిలో ఉండే నరం తెగితే మళ్లీ పెరగగలదు. మెదడుకు, వెన్నుపాముకు లేని శక్తి ఇది. ఆ పెరుగుదలకు ఒక వేగం ఉంది, ఒక గడువూ ఉంది. రెండింటినీ నిర్ణయించేవి నరంలోని ప్రొటీన్లే. ఆ ప్రొటీన్లు ఏం చేస్తాయో తెలిస్తే వైద్యులు ఎందుకు తొందరపెడతారో, తర్వాత ఎందుకు నెలల తరబడి ఓపిక పట్టమంటారో అర్థమవుతుంది.

నరం అంటే ఒక తీగ కాదు

మణికట్టు దగ్గర మధ్యనాడి పెన్సిల్ కంటే కాస్త సన్నగా ఉంటుంది. దాన్ని కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తే వేలకొద్దీ సన్నని పోగులు కనిపిస్తాయి. ఒక్కో పోగు పేరు ఆక్సాన్. అది ఒక నాడీకణం చాచిన పొడవాటి చెయ్యి. అసలు కణం మాత్రం వెన్నుపాములోనో, దాని పక్కనున్న నాడీ ముడిలోనో ఉంటుంది. నడుము దగ్గర ఉన్న కణం తన పోగును కాలి బొటనవేలి దాకా పంపుతుంది. అంటే కంటికి కనిపించని ఒక కణానికి దాదాపు మీటరు పొడవున్న చెయ్యి అన్నమాట.

అంత దూరంలో ఉన్న చివరికి కావలసిన ప్రొటీన్లలో చాలా భాగం తల్లికణంలోనే తయారవుతాయి. అక్కడి నుంచి వాటిని మోసుకెళ్లాలి. పోగు లోపల ట్యుబ్యులిన్ అనే ప్రొటీన్‌తో కట్టిన పట్టాలు ఉంటాయి. వాటి మీద కైనెసిన్ అనే ప్రొటీన్ సరుకును చివరివైపు మోస్తుంది, డైనీన్ అనే మరో ప్రొటీన్ చివరి నుంచి వెనక్కి తెస్తుంది. బీచ్ నుంచి తాంబరానికి వెళ్లే లైను ఒకటి, వచ్చే లైను ఒకటి ఉన్నట్టే.

ఇక్కడా రెండు రకాల బళ్లున్నాయి. చిన్న చిన్న పొట్లాల్లో వెళ్లే సరుకు రోజుకు సుమారు 400 మిల్లీమీటర్లు ప్రయాణిస్తుంది. పోగుకు అస్థిపంజరంలా నిలిచే ట్యుబ్యులిన్, న్యూరోఫిలమెంట్ వంటి బరువైన సరుకు మాత్రం రోజుకు ఒకటి రెండు మిల్లీమీటర్లే కదులుతుంది. ఈ రెండో అంకె గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పని ఉంది.

పోగు చుట్టూ ష్వాన్ కణాలు వరసగా చుట్టుకుని ఉంటాయి. కరెంటు వైరు మీద ప్లాస్టిక్ తొడుగులాగా మైలిన్ అనే పొరను చుట్టేది అవే. వాటన్నిటినీ కలిపి కట్టిన సంచీ కొల్లాజెన్ అనే గట్టి ప్రొటీన్‌తో చేసింది.

తెగిన మొదటి మూడు రోజులు

నరం తెగగానే రెండు ముక్కలవుతుంది. తల్లికణంతో సంబంధం ఉన్న పైముక్క, సంబంధం తెగిన కిందిముక్క. కిందిముక్క చచ్చిపోతుందని 1850లో ఆగస్టస్ వాలర్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త కప్ప నాలుక నరాలను కోసి చూసి చెప్పాడు. ఆ క్షయానికి ఇప్పటికీ ఆయన పేరే వాడుతున్నారు. తిండి అందక చచ్చిపోతుందనే అందరూ వందేళ్లకు పైగా అనుకున్నారు.

1989లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఒక వింత ఎలుకల జాతిని గమనించారు. వాటి నరం కోస్తే కిందిముక్క ఒకటి రెండు రోజుల్లో చావాల్సింది రెండు మూడు వారాలు బతికే ఉంది. అంటే పోగు తిండిలేక చావడం లేదు, తనను తాను చంపుకునే ఏర్పాటు ఏదో దానిలోనే ఉందన్నమాట. ఆ ఏర్పాటులోని పాత్రధారులు తర్వాత ఒక్కొక్కరే బయటపడ్డారు.

ఎన్‌మ్నాట్2 అనే ప్రొటీన్ ఉంది. దాని ఆయుష్షు కొన్ని గంటలే. కాబట్టి తల్లికణం నుంచి అది నిత్యం వస్తూనే ఉండాలి. అది వస్తున్నంతకాలం సార్మ్1 అనే మరో ప్రొటీన్ నిద్రలో ఉంటుంది. నరం తెగితే సరఫరా ఆగుతుంది, ఎన్‌మ్నాట్2 అయిపోతుంది, సార్మ్1 మేలుకుంటుంది. మేలుకున్న సార్మ్1 పోగుకు శక్తినిచ్చే ఎన్ఏడీ అనే పదార్థాన్ని తగలబెట్టేస్తుంది. కాల్షియం లోపలికి జొరబడుతుంది. దాంతో కాల్పైన్ అనే కోత ప్రొటీన్ లేచి న్యూరోఫిలమెంట్లను ముక్కలు ముక్కలుగా నరుకుతుంది. పోగు పూసలదండ తెగినట్టు రాలిపోతుంది.

ఈ కాస్త ఆలస్యంలో వైద్యుడికి ఒక అవకాశం ఉంది. తెగిన మొదటి మూడు రోజుల్లో కిందిముక్కకు చిన్న విద్యుత్ ప్రేరణ ఇస్తే కండరం ఇంకా కదులుతుంది. ఏ ముక్క కండరానికి వెళ్తుందో, ఏది చర్మానికి వెళ్తుందో సర్జన్ గుర్తుపట్టి సరైన జతను కలపవచ్చు. ఆ తర్వాత ఆ సూచన ఉండదు. ఇదే కారణంగా మొదటి వారంలో చేసే నరాల పరీక్ష మోసం చేయవచ్చు. కింది భాగం ఇంకా బతికున్నట్టే కనిపిస్తుంది. కండరంలో సూది పెట్టి చేసే పరీక్షలో తేడా స్పష్టంగా తెలియడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ‘మూడు వారాల తర్వాత మళ్లీ రండి’ అని డాక్టరు అంటే తిప్పించుకోవడానికి కాదు.

తొడుగు చుట్టేవాడే దారి చూపేవాడవుతాడు

చనిపోయిన కిందిముక్కలో ష్వాన్ కణాలు మాత్రం బతికే ఉంటాయి. వాటి ప్రవర్తన ఒక్కసారిగా మారిపోతుంది. సీ-జూన్ అనే ప్రొటీన్ వాటి కేంద్రకంలో పెరుగుతుంది. దాని ఆజ్ఞ మేరకు మైలిన్‌కు కావలసిన పీ-సున్న, పీఎంపీ22, ఎంబీపీ వంటి ప్రొటీన్ల తయారీ ఆగిపోతుంది. ఇంతకాలం మైలిన్ చుట్టిన కణమే ఇప్పుడు ఆ మైలిన్‌ను తనలోకి తీసుకుని జీర్ణం చేసుకుంటుంది. రక్తంలోని మ్యాక్రోఫేజ్ కణాలను పిలిచే సంకేత ప్రొటీన్లను వదులుతుంది. అవి వచ్చి మిగిలిన చెత్తను ఊడ్చేస్తాయి.

ఈ శుభ్రత చాలా అవసరం. పాత మైలిన్‌లో కొత్త పోగును అడ్డుకునే ప్రొటీన్లు ఉంటాయి. వెన్నుపాములో ఈ చెత్త నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. అక్కడ నోగో అనే మరో నిరోధక ప్రొటీన్ కూడా ఉంది. వెన్నుపాము తెగితే నరాలు తిరిగి పెరగకపోవడానికి ఉన్న కారణాల్లో ఇవి ముఖ్యమైనవి.

ఊడ్చిన తర్వాత ష్వాన్ కణాలు ఒకదాని వెనుక ఒకటి బారులు తీరి పాత సొరంగాల్లోనే పట్టీలుగా నిలబడతాయి. వాటి చుట్టూ లామినిన్ అనే ప్రొటీన్ పరిచి ఉంటుంది, కొత్త పోగు కొసకు అది పట్టు దొరికే నేల. దానితోపాటు ఎన్‌జీఎఫ్, బీడీఎన్ఎఫ్, జీడీఎన్ఎఫ్ అనే పోషక ప్రొటీన్లను ఈ కణాలు వదులుతాయి. ‘ఇటు రా’ అని పిలిచే వాసనలాంటివి అవి. వీటిలో మొదట దొరికింది ఎన్‌జీఎఫ్. దాన్ని కనుగొన్న రీటా లెవీ మోంటాల్చినీకి, స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్ బహుమతి వచ్చింది. అది తెలిసినప్పటి నుంచి ఇంజెక్షన్‌గా ఇస్తే నరం బాగవుతుందేమో అని ఎంతో ఆశ పెట్టుకున్నారు. మధుమేహం వల్ల నరాలు దెబ్బతిన్నవారికి ఇచ్చి చూస్తే పెద్ద పరీక్షల్లో ఫలితం కనిపించలేదు, పైగా ఇచ్చినచోట నొప్పి పుట్టింది. ఎంత కావాలో, ఎక్కడ కావాలో, ఎప్పుడు కావాలో ష్వాన్ కణాలకు తెలిసినంత సిరంజికి తెలియదు మరి.

తల్లికణానికి కబురు

ఎక్కడో మణికట్టు దగ్గర తెగిన సంగతి మెడ దగ్గరున్న తల్లికణానికి ఎలా తెలుస్తుంది? గాయమైన చోటే, పోగు లోపలే, ఇంపోర్టిన్ అనే ప్రొటీన్ కొత్తగా తయారవుతుంది. అది గాయపు సంకేతాలను మోస్తున్న ప్రొటీన్లతో జతకట్టి డైనీన్ బండి ఎక్కి వెనక్కి వెళ్తుంది. కబురు అందగానే తల్లికణం ఉబ్బుతుంది, దాని కేంద్రకం పక్కకు జరుగుతుంది. 1890లలో ఫ్రాంజ్ నిస్సల్ రంగులు వేసి చూసిన మార్పు ఇదే.

ఏటీఎఫ్3, సీ-జూన్ అనే ప్రొటీన్లు కణం పనిపట్టికను మార్చేస్తాయి. అప్పటిదాకా సంకేతాలు పంపడానికి కావలసిన ప్రొటీన్లు తయారుచేసిన కణం వాటిని తగ్గించేస్తుంది. న్యూరోఫిలమెంట్ తయారీ పడిపోతుంది, పోగు సన్నబడుతుంది. దాని బదులు ట్యుబ్యులిన్, ఆక్టిన్, గ్యాప్-43 వంటి పెరుగుదల ప్రొటీన్లు దండిగా వస్తాయి. గర్భంలో బిడ్డ నరాలు మొదటిసారి పెరిగినప్పుడు ఎక్కువగా ఉండేది ఈ గ్యాప్-43. అంటే నలభై ఏళ్ల మనిషి నాడీకణం తన బాల్యపు పాఠాన్ని మళ్లీ తీసి చదువుకుంటోందన్నమాట.

ఇప్పుడు ఆ పాత అంకె దగ్గరకు వద్దాం. కొత్త పోగు కట్టడానికి కావలసిన ట్యుబ్యులిన్ నెమ్మది బండిలోనే వస్తుంది. అందుకే పోగు పెరిగే వేగమూ దాదాపు అంతే: రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. నెలకు ఒక అంగుళం కంటే కాస్త ఎక్కువ.

లెక్క వేసుకుంటే

మణికట్టు దగ్గర తెగిన నరం వేలికొసను చేరాలంటే సుమారు 18 సెంటీమీటర్లు పెరగాలి. అంటే 180 రోజులు. మొదట్లో కుట్టిన చోటు దాటడానికి పట్టే కొన్ని వారాలు కలుపుకుంటే ఏడు నెలల మాట. చంక దగ్గర తెగితే అరచేతి కండరాల దాకా అర మీటరు. ఏడాదిన్నర అవుతుంది.

ఇక్కడే గడువు ఎదురొస్తుంది. నరం అందని కండరం కరిగి కొవ్వుగా, నారగా మారుతుంది. పన్నెండు నుంచి పద్ధెనిమిది నెలల తర్వాత పోగు వచ్చి చేరినా దాన్ని అందుకునే స్థితిలో కండరం ఉండకపోవచ్చు. ష్వాన్ కణాలూ ఎల్లకాలం ఎదురుచూడవు. నెలలు గడిచే కొద్దీ వాటిలో సీ-జూన్ తగ్గుతుంది, పోషక ప్రొటీన్లు తగ్గుతాయి, అవి బారులు విడిచిపోతాయి. కాబట్టి కుట్టడంలో మూడు నెలలు ఆలస్యమైతే పోయేది మూడు నెలలు మాత్రమే కాదు, దారి చూపేవాళ్లు కూడా కొందరు పోతారు. చర్మపు స్పర్శకు మాత్రం ఈ గడువు అంత కఠినం కాదు, ఆలస్యంగా కుట్టినా కొంత తిరిగి రావచ్చు.

నరానికి తగిలే దెబ్బలన్నీ ఒకటి కావు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులను చూసిన హెర్బర్ట్ సెడన్ 1943లో వాటిని మూడు రకాలుగా విభజించాడు. మొదటిది, నరం నొక్కుకుపోయి మైలిన్ మాత్రమే చెదిరేది. కుర్చీ చేతిమీద చెయ్యి వేలాడేసి రాత్రంతా నిద్రపోతే పొద్దున మణికట్టు లేవకపోవడం ఇలాంటిదే. వారాల నుంచి మూడు నెలల్లో తనంతట తానే బాగవుతుంది. రెండోది, పోగులు తెగినా చుట్టూ సొరంగాలు నిలిచి ఉన్నది. ఇదీ మిల్లీమీటరు లెక్కన తిరిగి వస్తుంది. మూడోది, నరం మొత్తం తెగిపోయినది. దీనికి కుట్టు తప్పదు. కుట్టకపోతే పైముక్క నుంచి బయలుదేరిన పోగులు దారి దొరక్క అక్కడే చుట్టలు చుట్టుకుని నొప్పిపుట్టే గడ్డ అవుతాయి.

చెన్నైలో ఈ కథ

రాయపురం దగ్గరి స్టాన్లీ ఆస్పత్రిలో డాక్టర్ ఆర్. వెంకటస్వామి 1970లలో చేతి శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగాన్ని నిలబెట్టారు. చెయ్యి నలిగిన కార్మికుడికి వేళ్లు తీసేయడమే చికిత్స అనుకునే రోజుల్లో, ఎముక, రక్తనాళం, టెండన్, నరం అన్నీ ఒకేచోట ఒకే బృందం చూడాలన్న పద్ధతి అక్కడ వేళ్లూనుకుంది. 2018లో అదే ఆస్పత్రిలో రెండు చేతుల మార్పిడి శస్త్రచికిత్స జరిగింది. మార్పిడిలో రక్తం ఆ రోజే పారుతుంది. దాత చేతిలోని పోగులు మాత్రం చనిపోతాయి. గ్రహీత పోగులు ఆ చేతిలోని ఖాళీ సొరంగాల్లోకి మిల్లీమీటరు మిల్లీమీటరుగా పెరిగితేనే ఆ చెయ్యి ఆయనది అవుతుంది.

తెగిన నరం మధ్యలో ఖాళీ ఉంటే పిక్క వెనకున్న ఒక స్పర్శ నాడిని తీసి అతుకుతారు. పాదం అంచున కొంచెం మొద్దుబారడమే దానికి మూల్యం. ఖాళీ చిన్నదైతే కొల్లాజెన్‌తో చేసిన గొట్టం కూడా వాడతారు. ఆ కొల్లాజెన్ ఆకారాన్ని ప్రపంచానికి చెప్పింది మన నగరమే. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయం గిండీ ప్రాంగణంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి కొల్లాజెన్ మూడు పాయల జడలాంటిదని ప్రతిపాదించారు. ఆ పక్కనే అడయారులో తోళ్ల పరిశోధన సంస్థ ఉంది. తోలు అంటే ప్రధానంగా కొల్లాజెనే. గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ 1958 నుంచి ఆ సంస్థకు డైరెక్టరుగా ఉండి దానికి ప్రపంచంలో పేరు తెచ్చారు. చెప్పు తోలులో ఉన్న ప్రొటీనే తెగిన నరానికి వంతెన కాగలదని తెలిస్తే ఆ పేటల్లో తోళ్లు శుభ్రం చేసిన మన పూర్వీకులు ఏమనుకునేవారో!

కోత లేకుండా పోయే నరం

కుష్ఠు క్రిమి కత్తి పట్టకుండానే నరాన్ని కోస్తుంది. ష్వాన్ కణం చుట్టూ ఉన్న లామినిన్‌ను పట్టుకుని ఆ కణంలోకి దూరుతుంది. కొత్త పోగుకు పట్టు ఇచ్చే ప్రొటీనే శత్రువుకూ మెట్టు అవుతుంది. 1940ల చివర్లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పాల్ బ్రాండ్ ఈ రోగుల వంకరపోయిన వేళ్లకు టెండన్ల దారి మార్చి మళ్లీ పట్టు తెచ్చారు. వేళ్లు ‘కుళ్లి’ రాలిపోవడం లేదని, నొప్పి తెలియక కాలిన గాయాలు, కోతలు పట్టించుకోకపోవడం వల్లే అరిగిపోతున్నాయని ఆయన చూపించారు. మధుమేహంతో పాదాలు మొద్దుబారినవారికీ ఇదే హెచ్చరిక. నొప్పి లేకపోవడం ఆరోగ్యం కాదు. చర్మం మీద స్పర్శలేని పాలిపోయిన మచ్చ కనిపిస్తే దాచుకోకండి. కుష్ఠుకు మందు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, నరం పోకముందు వాడితే చెయ్యి నిలుస్తుంది.

గుర్తుంచుకోవలసినవి

చెయ్యి కోసుకుంటే రక్తం ఆగిన తర్వాత కుట్లకు ముందే ఒక పని చేయండి. కళ్లు మూసుకుని ప్రతి వేలికొసనూ రెండు వైపులా మెల్లగా తాకించుకోండి. ఒక వైపు తేడాగా ఉంటే మత్తు ఇంజెక్షన్ ఇవ్వకముందే డాక్టరుకు చెప్పండి. ఇచ్చాక ఏ వేలు మొద్దుబారిందో తెలియదు. బొటనవేలిని చిటికెనవేలి మొదలుకు చేర్చి చూడండి, వేళ్లను విసనకర్రలా విప్పి చూడండి.

‘నరం తెగింది’ అని ఊరుకోకండి. ‘వేలికి స్పర్శ లేదు’ అనండి. తమిళ డాక్టరైతే ‘విరల్ మరత్తు పోచ్చు’ అనండి. ఆ ఒక్క మాటతో పరీక్ష దారి మారిపోతుంది.

శుభ్రంగా తెగిన నరాన్ని మొదటి కొన్ని రోజుల్లోనే కుట్టించుకోవడం మేలు. ఒక ఆస్పత్రిలో ఆ వసతి లేకపోతే చేతి సర్జన్లు ఉన్నచోటుకు వెళ్లండి. బలం బిళ్లలు, బి12 బిళ్లలు తెగిన నరాన్ని అతకలేవు. లోపం ఉన్నవారికే అవి మందు.

కుట్టిన తర్వాత నెలల తరబడి ఏమీ జరగనట్టే ఉంటుంది. నరం దారి వెంట వేలితో తట్టితే వేళ్లలోకి జిల్లుమంటుంది. ఆ జిల్లు నెలనెలా కిందికి జరుగుతుంటే పోగు పెరుగుతోందని అర్థం. ఈ లోపు కీళ్లు బిగుసుకోకుండా రోజూ కదిలించాలి. స్పర్శలేని వేళ్లను పొయ్యి దగ్గర, ఇస్త్రీపెట్టె దగ్గర కళ్లతో కాపాడుకోవాలి. పొగతాగడం మానేయాలి, చక్కెర అదుపులో ఉంచుకోవాలి.

తిరిగివచ్చిన స్పర్శ పాతదానిలా ఉండకపోవచ్చు. చూపుడువేలికి వెళ్లాల్సిన పోగు మధ్యవేలికి చేరవచ్చు. అందుకే ఫిజియోథెరపిస్టులు కళ్లు మూయించి నాణెం, గుండీ, తాళంచెవి పట్టించి గుర్తుపట్టమంటారు. పోగును ప్రొటీన్లు తెచ్చి చేర్చాయి, దాని భాషను మెదడుకు నేర్పే పని మాత్రం మనదే. పిల్లలు త్వరగా నేర్చుకుంటారు. పెద్దలకు ఇంకాస్త సాధన కావాలి, ఇంట్లోవాళ్లు పక్కన కూర్చుని చేయించాలి.